రామచంద్రయ్య తలలో టెన్షన్ దొరకలేదు

టెన్షన్ మనిషికి దొరికిన వరం. ఈ మాట బాగా ఆలోచించి, బీపీ మాత్ర వేసుకున్నాకే రాస్తున్నాను.

నవ్వకండి! టెన్షన్ లేని దేశాన్ని ఒక్కసారి ఊహించుకోండి. ధ్యానం నేర్పే గురువులు ఏం తిని బతకాలి? "ఊపిరి పీల్చుకోండి" అని గుర్తుచేసే చేతిగడియారాలను ఎవరు కొనాలి? అవి రాకముందు మనం ఎవరూ చెప్పకుండానే పీల్చుకునేవాళ్లం. ఎంత బాధ్యత లేని బతుకో చూడండి!

మా రిటైర్డు లెక్చరర్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తెల్లారకముందే పువ్వుల బొమ్మల మీద "ప్రశాంతంగా ఉండండి" అన్న మాట వచ్చి పడుతుంది. పంపేవాళ్లు చాలామంది, ఆగేవాళ్లు తక్కువ. ఆ శాంతి భరించలేక ఇద్దరికి బీపీ పెరిగింది. వాళ్లను ఓదారుస్తూ మళ్లీ పువ్వుల బొమ్మలే వెళ్లాయి. ఇంత మానవ సంబంధం టెన్షన్ లేకపోతే వచ్చేదా?

వెనకట పెళ్లిళ్లలో కలిస్తే "వానలెట్లున్నయి?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "షుగరెంత?" అంటున్నారు. "నాకే టెన్షనూ లేదు" అని ఎవడైనా అన్నాడా, వాడిని పనీపాటా లేనివాడి కింద జమకడతారు. పిల్లనివ్వరు.

నా సంగతే చెబుతాను. మా ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఒంటరివాడికి టెన్షన్‌ను మించిన తోడు లేదు. బస్టాండు దాకా పోయాక, గ్యాస్ కట్టేశానా లేదా అని అనుమానం వస్తుంది. గబగబా వెనక్కి నడుస్తాను. ఇంట్లో ఎవరో నాకోసం చూస్తున్నట్టు అంత తొందరగా ఇంటికి రావడం ఎంత బాగుంటుందో మీకేం తెలుసు! తీరా చూస్తే గ్యాస్ కట్టేసే ఉంటుంది. అది రెండో సంతోషం.

అలాంటి వరం గురించి ఆరా తీస్తూ కిందటేడు సైన్సే స్వయంగా మా వాడకు వచ్చింది.

మాది మోత్కూరుకు కొంచెం ఎడంగా ఉన్న ఊరు. నేనుండేది పద్మశాలీల వాడ. నేతపని చేసే రామచంద్రయ్య తన ఇంట్లో సగభాగం నాకు కిరాయికిచ్చాడు. మిగతా సగంలో ఆయన, ఆయన భార్య సుగుణమ్మ, గుంట మగ్గం ఉంటాయి. మధ్యలో ఒక గోడ ఉంది కానీ అది ఏ రహస్యాన్నీ ఆపదు. నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ని కాబట్టి వాడకంతా "సారు"ను.

హైదరాబాదు నుంచి వచ్చినామె పేరు డాక్టర్ ఉమారాణి. ఒత్తిడి మెదడును ఏం చేస్తుందో పరిశోధించే శాస్త్రవేత్త. మన తలలో బాదంపలుకంత ముక్క ఒకటి ఉంటుందట. ఆపద వస్తే గంట కొడుతుందట. కొందరికి అది ఆపద లేకపోయినా కొడుతూనే ఉంటుందట. ఏళ్ల తరబడి గంట మోగితే పక్కనున్న జ్ఞాపకాల గది కుంచించుకుపోతుందని ఆమె చెప్పింది. ఒక లయతో చేసే చేతిపని ఆ గంటను ఆపుతుందా అనేది ఆమె సందేహం. మంచి సందేహమే. అందుకే నేత కార్మికులను ఎంచుకుంది.

ఆమెతో ప్రమోద్ అనే సహాయకుడు వచ్చాడు. సామాను మోసేది, రూల్సు చదివేది అతనే. మొదటి రూలు: మగ్గం మీద కూర్చుని నేసే వ్యక్తి మాత్రమే శాంపిల్. ఆ లెక్కన మా ఇంట్లో రామచంద్రయ్య ఎంపికయ్యాడు.

కానీ ఈ వార్త విని ఎక్కువ సంబరపడింది సుగుణమ్మ.

ఆమెకు బతుకమ్మ పండుగ కాన్నుంచి తలనొప్పి. మెడ వెనక నుంచి మొదలై, మగ్గం చప్పుడులాగే ఆగకుండా కొట్టుకుంటుందట. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని పని చేస్తుంది. దవాఖానకు పొమ్మని నేను చెప్పాను. పోతే ఆ పూట మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే దారపు కండెలు ఎవరు చుట్టాలి? కండెలు లేకపోతే మగ్గం ఆగుతుంది. కాబట్టి ఆగాల్సింది దవాఖానే.

"ఎతుకబోయిన తీగ కాళ్లకే తాకింది సారు!" అంది సుగుణమ్మ. "తలకాయ డాక్టరు మన గడపలకే వస్తాంది. గా టోపి నాకు గూడ ఒక్క గడియ పెట్టి చూడకపోతదా?"

టోపీ అంటే వైర్లున్న టోపీ. దాన్ని తలకు తొడిగితే మెదడు లోపల జరిగేదంతా తెర మీద గీతల్లో కనిపిస్తుంది. తలకు నూనె రాసుకోవద్దనీ, శుభ్రంగా స్నానం చేసి ఉండాలనీ ప్రమోద్ ముందు రోజే ఫోన్‌లో చెప్పాడు. రామచంద్రయ్య తల మీద వెంట్రుకలు చెవుల పైన కాపలాకు మాత్రమే మిగిలాయి. ఆయనకు నూనెతో పనేముంది? సుగుణమ్మ మాత్రం కుంకుడుకాయలు కొట్టి తలంటుకుంది. ఎర్రటి ఎండలో జుట్టు ఆరబోసుకుని నూనె చుక్క తగలకుండా ముడి వేసుకుంది.

ఎదురింటి భద్రమ్మ ఊరుకుంటుందా!

"ఏందే సుగుణా, మొగనికి పరీక్షయితె నువ్వు తలకు పోసుకుంటివి? రేపు పాసయ్యేది ఎవలు?"

"ఎవలు పాసైతే ఏంది అత్తా, ఒక్క ఇల్లే గద!" అంది సుగుణమ్మ.

మర్నాడు పొద్దున్నే సైన్సు కారులో దిగింది.

మొదట ఉమ్మి పరీక్ష. ఒత్తిడి పెరిగితే ఉమ్మిలో ఏదో హార్మోను పెరుగుతుందట. ప్రమోద్ చిన్న సీసా ఇచ్చి అందులో ఉమ్మమన్నాడు. "ఇక్కడ ఉమ్మరాదు" అన్న బోర్డుల మధ్య పుట్టి పెరిగిన మనిషి రామచంద్రయ్య. చదువుకున్నవాళ్లు వరసగా నిలబడి ఉమ్మమని బతిమాలుతుంటే పాపం సిగ్గుతో నోరెండిపోయింది.

"జర నిమ్మకాయ యాది చేస్కోయ్యా!" అని సుగుణమ్మ లోపలి నుంచి కేకేసింది. సీసా నిండింది.

తరవాత ఆయన మగ్గం గుంటలోకి దిగాడు. టోపీ తొడిగారు. ఇక ఆయనకు ఒత్తిడి తెప్పించాలి. దానికి సైన్సులో ఒక తిరుగులేని పద్ధతి ఉంది. ఎదురుగా ముగ్గురు మనుషులు నవ్వకుండా, తలూపకుండా కూర్చోవాలి. వాళ్ల ముందు మనిషి పైకి లెక్కలు చెప్పాలి. దీనికి ఎంత గట్టివాడికైనా చెమటలు పోస్తాయట! ప్రమోద్ మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన డ్రైవర్ గిరిని కూర్చోబెట్టాడు. మూడో కుర్చీలో నన్ను. నా జీవితంలో నవ్వకుండా ఉండడం ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు.

"వెయ్యి ఇరవై రెండులోంచి పదమూడు తీసెయ్యండి. వచ్చినదాంట్లోంచి మళ్లీ పదమూడు. అట్లా ఆగకుండా తీసేస్తూ పోవాలి" అన్నాడు ప్రమోద్.

రామచంద్రయ్య కొంచెం కూడా తడబడలేదు. తలుపు వైపు మొహం తిప్పి, "సుగుణా! వెయ్యిన్నిరవై రెండుల పదమూడు వోతె ఎంతనే?" అన్నాడు.

"వెయ్యిన్ని తొమ్మిది" అంది లోపలి గొంతు.

"వెయ్యిన్ని తొమ్మిది సారు."

"మీరే చెప్పాలండీ!"

"నేనే చెప్తున్న గద!"

"మళ్లీ పదమూడు తీయండి."

"ఇంకో పదమూడు గుంజుమంటున్నరే!"

"తొమ్మిదొందల తొంబయ్యారు. అయ్యో! మీ పదమూళ్లల్ల వడి నా ఆసు లెక్క తప్పింది!"

ఆసు అంటే దారాన్ని అర్ధచంద్రంలా ఉన్న మేకుల మీదుగా అటూ ఇటూ లాగి పేర్చడం. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి పేర్చాలి. భుజం ఊడిపోయే పని. సుగుణమ్మ విసుక్కోలేదు. మా ముగ్గురి మొహాలూ ఒకసారి తొంగి చూసింది.

"పాపం, మొకాలు గట్ల ఏలాడేసిన్రు. పొద్దున ఏం తిననట్టున్నది. చాయ్ పెట్టాల్నా?"

మేం జవాబు చెప్పకూడదు కదా! రాళ్లలా కూర్చున్నాం.

"మాట్లాడుత లేరు. ఉపాసమేమో" అని ఆమె వెళ్లిపోయింది.

ప్రమోద్ చివరి అస్త్రం తీశాడు. "మీ ప్రధానమైన ఆందోళనలు ఏమిటో చెప్పండి."

రామచంద్రయ్య నిజాయితీగా ఆలోచించాడు. నాడె కూడా ఆపి ఆలోచించాడు. ఏదీ గుర్తు రాలేదు.

"ఏమే, మనకు ఫికర్లు ఏమున్నయే?"

ఈసారి సుగుణమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఏమున్నయయ్యా, ఏం లేవు. నువ్వు నెయ్యి" అంది. తరవాత ప్రమోద్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

"సారూ, గుంటల దిగిన మనిషి ముంగట మేం కష్టం మాట చెప్పం. మనసు కదిలితె పోగు తెగుతది. మా అత్త నేర్పిన పద్ధతి. గసొంటియి ఏమన్న ఉంటె నన్నడుగున్రి."

ప్రమోద్ అడగలేదు. శాంపిల్ కాని మనిషిని అడిగితే పరిశోధన పాడైపోదూ!

అడిగి ఉంటే చాలా చెప్పేది. ఆ గోడ పుణ్యమాని నాకు కొన్ని తెలుసు. కొడుకు రాజేందర్ నార్కట్‌పల్లి హైవే మీద టైర్ల షాపులో పని చేస్తాడు, రోజూ బండి మీద లారీల మధ్య నుంచి ఇంటికి రావాలి. వానలకు మగ్గం గుంటలో చెమ్మ ఊరుతోంది. అద్దిన దారానికి అనుకున్న రంగు రాలేదు. గోడవతల ఒంటిగా ఉన్న సారు పొద్దున ఏమన్నా తిన్నాడో లేదో! అన్నీ ఆ గుడ్డ కట్టిన నుదుటి వెనకే ఉన్నాయి. గుంటలో ఉన్న మనిషికి ఒక్కటీ దిగలేదు.

తెర మీద రామచంద్రయ్య మెదడు ఎండాకాలం చెరువులా ఉంది. అల లేదు, సుడి లేదు.

"మేడమ్!" ప్రమోద్ ఎగిరి గంతేశాడు. "ఈయనకు స్ట్రెస్సే లేదు! ప్యూర్ లూమ్ ఎఫెక్ట్!"

టోపీ తీస్తుండగా సుగుణమ్మ ముందుకు వచ్చింది. జుట్టు ముడి విప్పుకుని సిద్ధంగా ఉంది.

"బిడ్డా, జర నాకు గూడ పెట్టి చూస్తవా? తలకు నూనె గూడ పెట్టలే. ఎనుక దిక్కు ఒకటే కొట్టుకుంటాంది."

"మీరు శాంపిల్‌లో లేరమ్మా" అన్నాడు ప్రమోద్. "నేసేవాళ్లకే ఇది. మీరు హెల్పర్ కేటగిరీ."

"హెల్పర్ తలకాయ నొయ్యదా సారు?"

ఇక్కడ నేను ప్రమోద్ పక్షమే! సైన్సుకు ఒక హద్దుండాలి. తల నొప్పి ఉన్నవాళ్లందరికీ టోపీలు పెడుతూ పోతే, తల నొప్పి లేనివాళ్ల మీద పరిశోధన ఎప్పుడు పూర్తవుతుంది?

ఉమారాణి మాత్రం సుగుణమ్మ చేతిలోని గుడ్డనే చూస్తోంది. అది కట్టీ కట్టీ నుదుటి మీద చార పడింది.

"ఎన్నాళ్లాయెనమ్మా గీ గుడ్డ కట్టవట్టి?" అంది. అప్పటిదాకా మాట్లాడిన హైదరాబాదు భాష పోయి, ఒక్కసారిగా ఊరి భాష ఆమె నోట్లోంచి జారింది. "మా అమ్మ గూడ గిట్లనే కట్టుకునేది. మాది ఆలంపురం దిక్కు. నాయిన గొర్లెంట పోతె ఇల్లంత అమ్మ తల మీదనే. ఉత్త తలనొప్పే అనుకున్నం. ఒక దినం పొద్దుగాల్ల చూస్తె నోట మాట వడిపోయింది."

ఆమె సంచిలోంచి తీసింది వైర్ల టోపీ కాదు, ఏ ఊళ్లో అయినా దొరికే బీపీ మిషను. చేతికి పట్టీ చుట్టి ఒకసారి చూసింది. నమ్మకం లేక రెండోసారి చూసింది.

"కారెక్కమ్మా. నల్లగొండకు పోదాం. ఇప్పుడే."

"కండెలు చుట్టేటివున్నయి బిడ్డా..."

"వచ్చి చుట్టుకుందువు. ముందు నువ్వుండాలె గద!"

గుంటలోంచి రామచంద్రయ్య తలెత్తాడు. "ఏమైందే?"

ఆ నిమిషంలో, గోడ పట్టుకుని నిలబడ్డ ఆ నిమిషంలో కూడా, సుగుణమ్మ అత్తగారి మాట తప్పలేదు.

"ఏం లేదు. డాక్టరమ్మతోని జర పోయొస్త. నువ్వు నెయ్యి."

ఆయన నేశాడు. ఫికరుకు జాగా లేని మనసుతో చక్కగా నేశాడు. నాడెలో దారం అయిపోయినప్పుడు, అలవాటుగా చెయ్యి పక్కకు చాపాడు. కండెల బుట్ట ఖాళీగా ఉంది.

"సుగుణా!"

మళ్లీ పిలిచాడు. నేను గోడ చుట్టూ తిరిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. "రామచంద్రయ్యా, ముందు నువ్వు గుంటలకెల్లి పైకి రా" అన్నాను.

ఆయన నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా పైకి వచ్చాడు.

నల్లగొండలో ఆమెను చేర్చుకున్నారు. ఇంకొన్నాళ్లు అట్లాగే గుడ్డ కట్టుకుని ఉంటే తలలో నరం చిట్లేదని చెప్పారట. పగలు భద్రమ్మ తోడుంది. పొద్దుగూకాక రాజేందర్ ఉన్నాడు. రామచంద్రయ్యను ఇంటికి పంపేశారు. వార్డులో మగవాళ్లు ఉండొద్దన్నారని ఆయన చెప్పాడు. "ఉన్నసేపు గా గోలీలు ఏడ, గీ చీటీ ఏడ అని దాన్నే అడుగుతాండు. అందుకే పంపిచ్చిన్రు" అని భద్రమ్మ చెప్పింది.

ఆ వారమే రెండోసారి కొలవాల్సిన రోజు వచ్చింది. ప్రమోద్ టోపీతో దిగాడు. ఉమారాణి కూడా వచ్చింది. అదే గుంట, అదే మగ్గం, అదే బట్టతల. కండెలు ఆయనే చుట్టుకున్నాడు. ఆ దారం చూస్తే కోళ్లు కెలికినట్టుంది. నాడె అటు విసిరితే పోగు తెగుతోంది, ఇటు విసిరితే చిక్కు పడుతోంది.

తెర మీద గీతలు మేకపిల్లల్లా గంతులేశాయి. ఇంకా ఒక్క ప్రశ్నయినా అడగలేదు!

"వెయ్యి ఇరవై రెండులోంచి పదమూడు..." అన్నాడు ప్రమోద్.

రామచంద్రయ్య తలుపు వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి, ఆ రోజు నవ్వకుండా కూర్చోవడం నాకేం కష్టం కాలేదు.

"రెండో కొలతకే లూమ్ ఎఫెక్ట్ తగ్గిపోతోంది మేడమ్" అన్నాడు ప్రమోద్, తల గోక్కుంటూ. "మగ్గం మారలేదు, మనిషి మారలేదు. మరేం మారినట్టు?"

చూశారా ఎంత చిక్కు ప్రశ్నో! శాంపిల్‌లో ఉన్నవన్నీ ఉన్నాయి మరి.

"ప్రమోద్, మనం టోపీ వేరే తలకు పెట్టినం" అంది ఉమారాణి.

"ప్రోటోకాల్ మేడమ్..."

"తెలుసు. రాసింది గూడ నేనే." ఆమె కండెల బుట్ట పక్కనే గడప మీద చాలాసేపు కూర్చుంది.

సుగుణమ్మ ఇంటికి వచ్చింది. మాత్రలు తెచ్చుకుంది. డాక్టర్లు గట్టిగా చెప్పింది ఒకటే మాటట: టెన్షన్ తీసుకోవద్దు.

"తీసుకోవద్దన్నరు, మంచిదే" అంది భద్రమ్మ. "ఇచ్చెటోళ్లకు గూడ ఎవలన్న చెప్పిన్రా?"

రామచంద్రయ్యకు ఆ మాట తగిలింది. మనిషి చెడ్డవాడు కాదు. "ఇగ నువ్వు దేనికి ఫికర్ చెయ్యకు, అన్ని నేనే చూసుకుంట" అని భార్యకు మాటిచ్చాడు. ఇచ్చి, అదే ఊపిరిలో, "పాలగిన్నె ఏడవెట్టినవే?" అన్నాడు. అయినా గిన్నె ఆయనే వెతుక్కుని పాలకు ఆయనే పోయాడు. ఇన్నేళ్లలో ఆయన పాలకు పోవడం నేను చూడలేదు. ఆ మాత్రానికే నాకు కడుపు నిండింది.

ఆయన సందు మలుపు తిరిగాక నేను వాళ్ల వాకిట్లో కూర్చుని, "దవాఖాన్ల చాన కష్టమైందా సుగుణమ్మా?" అని అడిగాను.

ఆమె ఒకసారి మగ్గం గుంట వైపు చూసింది. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"నిజం చెప్పాల్నా సారు? మంచిగ నిద్రపోయిన. పెండ్లయినకాన్నుంచి గంత నిద్ర ఎన్నడు పోలే. పొద్దుగాల లేస్తె ఎవలో చాయ్ తెచ్చిచ్చిన్రు. తిన్నవా అమ్మా అని అడిగిన్రు. నేను ఎవలకు ఏం జెయ్యలే. ఉత్తగ పండుకున్న. అయినా అడిగిన్రు."

ఆమె మాత్రల చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

"మల్ల ఎప్పుడు రమ్మన్నరు?" అన్నాను.

"నెలకు" అంది. పుట్టింటికి పోయే రోజు చెబుతున్న ఆడపిల్ల మొహంలో వెలుగు ఎలా ఉంటుందో, ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు ఆమె మొహం అలా ఉంది.

అందుకే బల్ల గుద్ది చెబుతున్నాను, టెన్షన్ వరమే! పండుగకు దొరకని తీరిక, పబ్బానికి దొరకని తీరిక, మొగుడివ్వనిది, కొడుకివ్వనిది, గోడవతల నుంచి ఆమె కూర తెప్పించుకుని తినే నాబోటి సారు ఇవ్వనిది, రక్తపోటు ఇచ్చింది. అది కూడా బీపీలో పైన అంకె హద్దు బాగా దాటాకే ఇచ్చింది. మామూలు తలనొప్పికి అంత పలుకుబడి లేదు.

కాబట్టి శాస్త్రవేత్తలకు నాదొక్కటే మనవి. ఎంత పరిశోధన చేసినా చెయ్యండి, ఎన్ని తలలకు టోపీలు పెట్టినా పెట్టండి. దయచేసి దీనికి పూర్తిగా నయమయ్యే మందు మాత్రం కనిపెట్టకండి. సుగుణమ్మకున్న ఒక్క సెలవూ పోతుంది.